వార్త ముందా, దెబ్బ ముందా? సూర్యుడి నుంచి సముద్రం దాకా విశాఖకు వచ్చే హెచ్చరికల కథ

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు 170, 180 కిలోమీటర్ల గాలి. ఎయిర్‌పోర్టు పైకప్పు దెబ్బతింది, చెట్లు, కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు వరసపెట్టి పడిపోయాయి. నీళ్ల కోసం, పెట్రోలు కోసం జనం ఇంకా క్యూల్లోనే ఉన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 17, 18 తేదీలకల్లా, సూర్యుడి అంచు మీద ఒక నల్లమచ్చ మనవైపు తిరిగింది. శాస్త్రవేత్తలు దానికి ఇచ్చిన నంబరు ఏఆర్ 12192. పది భూగోళాలను పక్కపక్కన పేర్చినా పట్టేంత వెడల్పు. అంతకు ముందు 24 ఏళ్లలో అంత పెద్ద మచ్చ కనిపించలేదు.

ఈ రెండు ముక్కలూ కలిపితే వాట్సాప్ ఫార్వర్డ్ రెడీ. "సూర్యుడిలో మహా విస్ఫోటం, వైజాగ్‌లో మహా తుపాను." చదివినవాడు ఔనేమో అనుకుంటాడు కూడా. కానీ హుద్‌హుద్ పుట్టింది అక్టోబరు 6, 7 తేదీల్లో అండమాన్ సముద్రంలో ఏర్పడిన అల్పపీడనం నుంచి. వెచ్చటి సముద్రపు నీరు, పైన తేమ గాలి, వాటిని సుడి తిప్పే భూభ్రమణం ఉంటే చాలు, దానికి సూర్యుడి మచ్చతో పనిలేదు. అసలు విచిత్రం రెండో ముక్కలో ఉంది. ఆ మచ్చ ఆ నెలలోనే ఎక్స్ తరగతి జ్వాలలు ఆరు విసిరింది. ఎక్స్ అంటే ఉన్నవాటిలో పెద్ద తరగతి. అయినా భూమి అయస్కాంత క్షేత్రం పెద్దగా కదలనే లేదు. అంత ఆర్భాటం చేసి, మన దాకా దాదాపు ఏమీ రాలేదు.

ఎందుకు రాలేదో తెలిస్తే ఈ అంశంలో సగం చిక్కు విడిపోయినట్టే. సౌర జ్వాల, సౌర తుపాను, భూకంపం, సునామీ, సముద్రపు తుపాను అన్నిటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల వచ్చిన గందరగోళం ఇది. వీటిని విడదీయడానికి నాకు తెలిసిన సులువైన దారి ఒకటుంది. ఏ ప్రమాదం గురించి విన్నా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దెబ్బ ఎంత వేగంతో వస్తుంది? దాని కబురు ఎంత వేగంతో వస్తుంది? ఆ రెండింటి మధ్య ఉన్న తేడాయే హెచ్చరిక. తేడా ఉంటే ఏ సంస్థ అయినా ఏదో ఒకటి చేయగలదు, లేకపోతే ఎంత పెద్ద సంస్థయినా చేతులెత్తేయాల్సిందే.

నేల మీదివి ముందు

తుపానుతో ఈ లెక్క తేలిక. సముద్రం మీద అది గంటకు పది, పదిహేను, మహా అయితే ఇరవై కిలోమీటర్ల చొప్పున జరుగుతుంది. దాని ఫోటో ఉపగ్రహం నుంచి కాంతి వేగంతో వస్తుంది. అందుకే నాలుగైదు రోజుల ముందే విశాఖలోని తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్లు మొదలవుతాయి, దగ్గరికొచ్చాక కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ దాని కన్ను ఎటు జరుగుతోందో చూస్తూ ఉంటుంది. 1977లో దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది పోయారు. ఇప్పుడు అదే స్థాయి తుపాను వచ్చినా ప్రాణనష్టం అంత ఉండదంటే, గాలి తగ్గిందని కాదు, కబురు ముందు చేరుతోందని.

పోర్టులో ఎగరేసే ప్రమాద హెచ్చరికల నంబర్లు ఇక్కడ అందరికీ కంఠతా. "మూడో నంబరు పెట్టారట" అంటే ఫిషింగ్ హార్బర్‌లో ఎవరూ వివరం అడగరు. పదో నంబరు అంటే మహా ప్రమాదం అని కూడా తెలుసు. చాలామందికి తెలియనిది పదకొండో నంబరు. తుపాను హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దానర్థం. గాలి ఎంత, వాన ఎంత అని అది చెప్పదు. ఇక మీదట కబురు రాదు అని మాత్రమే చెబుతుంది. దీని సంగతి మళ్లీ అవసరం పడుతుంది.

సునామీ లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2004 డిసెంబరు 26 ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూమి కంపించింది. విశాఖకు అది రెండువేల కిలోమీటర్ల పైచిలుకు దూరం. భూమి లోపలి నుంచి వచ్చే తొలి కంపన తరంగాలకు ఆ దూరం నాలుగైదు నిమిషాల పని. నీళ్లలో వచ్చే అలకు? సముద్రం నాలుగు కిలోమీటర్ల లోతున్న చోట సునామీ గంటకు 700 కిలోమీటర్ల వేగంతో, అంటే జెట్ విమానంలా పోతుంది. అయినా కంపన తరంగాల ముందు అది నత్తే. విశాఖ పోర్టులోని అలల కొలమానం మీద సునామీ గీత పడింది 9 గంటల 5 నిమిషాలకు. చెన్నైలోనూ ఇంచుమించు అదే సమయం. అంటే ప్రకృతి మనకు రెండున్నర గంటలు ఇచ్చింది. వాడుకునే వ్యవస్థ ఆ రోజు హిందూ మహాసముద్రంలో లేదు.

2007 అక్టోబరులో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో, అంటే జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రంలో, సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రంలేని ఊళ్లో సముద్రం కేంద్రమేమిటని నవ్వినవాళ్లు ఉన్నారు. కానీ దానికి కావలసింది ఒడ్డు కాదు. భూకంప కేంద్రాల నుంచి, సముద్రం అడుగున పెట్టిన పీడన కొలమానాల నుంచి, రేవుల్లోని అలల కొలమానాల నుంచి వచ్చే లెక్కలు. అలకు అందని చోట ఉండటం దానికి మంచిదే. 2025 జులై 30న రష్యాలోని కమ్‌చాట్కా దగ్గర 8.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, మన తీరానికి సునామీ ముప్పు లేదని ఇన్‌కాయిస్ వెంటనే చెప్పేసింది. ప్రమాదం లేదని తొందరగా చెప్పడం కూడా హెచ్చరికంత విలువైన పనే, బీచ్ రోడ్డు ఖాళీ చేయించే ఖర్చు తెలిసినవాళ్లకి.

భూకంపం దగ్గరికి వచ్చేసరికి ఈ తేడా దాదాపు మాయం. నష్టం చేసే తరంగం, దానికి కాస్త ముందు వచ్చే తొలి కుదుపు, రెండూ కంపన తరంగాలే. మధ్యలో దొరికేది సెకన్లు. విశాఖ తక్కువ ముప్పున్న జోన్‌లో ఉంది కాబట్టి మనకు ఆ టెన్షన్ తక్కువ. అయినా 1917లో విశాఖ, విజయనగరం ప్రాంతంలో 5.5 స్థాయి భూకంపం రికార్డయింది. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో వచ్చినదానికి నగరంలో జనం అపార్ట్‌మెంట్ల నుంచి కిందికి దిగారు. ఫలానా తేదీన భూకంపం వస్తుందని ముందే చెప్పే పద్ధతి ప్రపంచంలో ఎక్కడా లేదు. తేదీ వేసి చెప్పే మెసేజ్ ఏదైనా ఆ ఒక్క కారణంతోనే తీసి పక్కన పెట్టవచ్చు.

సూర్యుడి నుంచి వచ్చేవి మూడు

ఇక అసలు చిక్కు. "సౌర తుపాను" అని పేపర్లు రాసేదాంట్లో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి.

మొదటిది జ్వాల. మచ్చల దగ్గర మెలిపడ్డ అయస్కాంత రేఖలు ఒక్కసారిగా తెగి, మళ్లీ వేరేగా కలిసినప్పుడు పుట్టే కాంతి, ఎక్స్ కిరణాలు. వీటిని ఏ, బీ, సీ, ఎం, ఎక్స్ తరగతులుగా విభజించారు. ఒక్కో మెట్టూ దాని కిందిదానికి పదింతలు. కాంతి సూర్యుడి నుంచి ఇక్కడికి రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది నిమిషాలూ మనకు దొరికిన గడువు అనుకుంటారు కొందరు. అలా కుదరదు. జ్వాల వచ్చిందన్న కబురు కూడా అదే కాంతి మీద రావాలి. కబురూ దెబ్బా ఒకే బండిలో దిగుతాయి. మనం చూసే క్షణానికే ఎక్స్ కిరణాలు పగటి వైపున్న పై వాతావరణాన్ని కుదిపేసి, షార్ట్‌వేవ్ రేడియోను మింగేసి ఉంటాయి. రాత్రి వైపు ఉన్నవాళ్లకు ఆ సమస్యే ఉండదు.

రెండోది కణాల వాన. కాంతికి దగ్గర వేగాలతో దూసుకొచ్చే ప్రోటాన్లు పదుల నిమిషాల నుంచి గంటల్లో వస్తాయి. వ్యోమగాములకు, ఉపగ్రహాలకు, ధ్రువాల మీదుగా వెళ్లే విమానాలకు ఇవి సమస్య. మన నెత్తి మీద భూమి అయస్కాంత క్షేత్రం బాగా అడ్డుగా ఉంటుంది. ఆ కవచం దాటడానికి కణానికి అత్యధిక శక్తి అవసరమయ్యే ప్రాంతాల్లో దక్షిణ భారతం ఒకటి.

మూడోది, అసలు తుపాను పేరుకు తగ్గది, సూర్యుడి నుంచి ఊడివచ్చే ప్లాస్మా మేఘం. కోట్లకొద్దీ టన్నుల విద్యుదావేశిత వాయువు, తనతో పాటే అయస్కాంత క్షేత్రాన్ని మోసుకొస్తుంది. మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల ప్రయాణం. ఏఆర్ 12192 కథ ఇప్పుడు అర్థమవుతుంది. అది కాంతిని విసిరింది గానీ చెప్పుకోదగ్గ మేఘాన్ని వదల్లేదు. మచ్చ పైనున్న బలమైన అయస్కాంత క్షేత్రమే మేఘాన్ని బయటికి పోనివ్వలేదని శాస్త్రవేత్తల వివరణ. కాబట్టి "ఎక్స్ తరగతి జ్వాల" అన్న హెడ్డింగ్ చూసి ఉపగ్రహాలు పడిపోతాయని అనుకోనక్కర్లేదు. మేఘం బయల్దేరిందా, బయల్దేరితే మనవైపేనా అన్నవి తర్వాతి ప్రశ్నలు.

మేఘం మనవైపే వస్తోందని తెలిసినా, అది ఎంత దెబ్బ కొడుతుందో రెండు రోజుల ముందు చెప్పలేరు. ఎందుకంటే అంతా దాని లోపలి అయస్కాంత దిశ మీద ఆధారపడి ఉంటుంది. అది ఉత్తరం వైపు ఉంటే భూమి క్షేత్రం దాన్ని చాలావరకు పక్కకు నెట్టేస్తుంది. దక్షిణం వైపు ఉంటే రెండు క్షేత్రాలూ ముడిపడి, మేఘం శక్తి లోపలికి దిగిపోతుంది. శ్రీకాకుళం నుంచి బస్సు బయల్దేరిందని ఫోన్‌లో చెప్పగలరు, అది మద్దిలపాలెంలో ఆగుతుందో, ఎన్‌ఏడీ మీదుగా తిన్నగా పోతుందో బోర్డు కనిపిస్తే గానీ తెలియదు. ఇదీ అంతే.

ఆ బోర్డు చదివే చోటు భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల, సూర్యుడి వైపు ఉంది. ఎల్1 అంటారు. అమెరికా వాళ్ల ఏస్, డిస్కవర్ ఉపగ్రహాలు చాలాకాలంగా అక్కడే ఉన్నాయి. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ57 మీద బయల్దేరిన మన ఆదిత్య-ఎల్1 కూడా 2024 జనవరి 6న అక్కడికి చేరింది. దాని మీద ఏడు పరికరాలున్నాయి. కొన్ని సూర్యుణ్ణి దూరం నుంచి చూస్తాయి. కొన్ని తమను తాకిపోయే కణాలను పట్టి లెక్కిస్తాయి. మాగ్నెటోమీటరు అయస్కాంత దిశను కొలుస్తుంది. లెక్క వేసి చూడండి. మేఘం సెకనుకు 700 కిలోమీటర్ల వేగంతో వస్తోంటే, 15 లక్షల కిలోమీటర్లు దాటడానికి 35 నిమిషాలు చాలు. నెమ్మదైన మేఘమైతే గంట. అతి వేగమైనదైతే పావుగంట, ఇరవై నిమిషాలు. ఖాయంగా చెప్పగలిగిన హెచ్చరిక అంతే. మిగిలిన రెండు రోజులూ అంచనాయే.

2024 మే: పోలింగ్‌కు ముందు రోజులు

ఏఆర్ 13664 అనే మచ్చ 2024 మే రెండో వారంలో వరుసగా మేఘాలను వదిలింది. వెనక బయల్దేరినవి వేగంగా వచ్చి ముందువాటిని కలుసుకున్నాయి. మే 10 రాత్రి పదిన్నర దాటాక, మన టైమ్ ప్రకారం, తొలి తాకిడి భూమిని చేరింది. అయస్కాంత తుపాన్లను కొలిచే జీ1 నుంచి జీ5 వరకు ఉన్న కొలబద్దలో అది జీ5కి వెళ్లింది. 2003 అక్టోబరు తర్వాత అంతటిది అదే మొదటిది. లద్దాఖ్‌లోని హాన్‌లేలో ఆకాశం ఎర్రబడింది.

మనకు 13న పోలింగ్. 11 సాయంత్రానికి ప్రచారం ముగించాలి కాబట్టి విశాఖలో మైకులు, రోడ్‌షోలు ఉధృతంగా ఉన్నాయి. ఆకాశంలో ఇరవై ఏళ్లకోసారి వచ్చే సంగతి జరుగుతోందని పట్టించుకున్నవాళ్లు తక్కువ. పట్టించుకోవాల్సిన పనీ పడలేదు. తుపాను ఉధృతి మన తెల్లవారుజాము, ఉదయపు వేళల్లో పడింది. అప్పటికి మన మీది అయనోస్ఫియర్, అంటే పై వాతావరణంలోని విద్యుదావేశిత పొర, ఇంకా పూర్తిగా ఎదగలేదు, పైగా మనం భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి భారత్ మీద ప్రభావం తక్కువని ఇస్రో వివరించింది. భూమి అయస్కాంత క్షేత్రం తగ్గిన మేర సుమారు 400 నానోటెస్లాలు (క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం ఇది). విశాఖ దగ్గర మొత్తం క్షేత్రం 40 వేల పైచిలుకు. అంటే ఇరవై ఏళ్లలో పెద్ద తుపాను మన క్షేత్రాన్ని కదిపింది ఒక శాతం. దిక్సూచి పట్టుకుని చూస్తే తేడా కనిపించదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జియోమాగ్నెటిజం నడిపే అబ్జర్వేటరీల్లో విశాఖది ఒకటి. అలాంటి చోట గీత జారిపోవడం మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇంతకన్నా పెద్దది రాదా అంటే, వచ్చింది. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండ్‌లో రిచర్డ్ క్యారింగ్టన్ మచ్చల బొమ్మ గీస్తుండగా వాటి మీద తెల్లటి మెరుపు కనిపించింది. పదిహేడున్నర గంటల తర్వాత మేఘం భూమిని తాకింది. ఆ దెబ్బ ఎంతటిదో అంకెల్లో చెప్పే అరుదైన రికార్డు బొంబాయి కొలాబా అబ్జర్వేటరీలో దొరికింది. కంటితో చూస్తూ నిమిషాల వ్యవధిలో చేత్తో రాసుకున్న లెక్కలు అవి. క్షేత్రం దాదాపు 1600 నానోటెస్లాలు పడిపోయింది. 2024 నాటి దానికి నాలుగింతలు. ఆ రాసినవాళ్లు మెలకువగా లేకపోతే ఈ రోజు ఎవరికీ కొలత ఉండేది కాదు.

ఆ తరహా మెలకువ మన తీరానికీ కొత్త కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖలో సొంత ఖర్చుతో ఖగోళ అబ్జర్వేటరీ పెట్టారు. ఇప్పటి డాబాగార్డెన్స్ ఆ చోటే. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపి, 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా జరిగిపోవడాన్ని గమనించారు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. ఆనాడు సూర్యకాంతిని రంగులుగా విడదీసి చూసినప్పుడు కనిపించిన పసుపు గీతే ఆ తర్వాత హీలియం కనుక్కోవడానికి దారి చూపింది. జాన్సెన్ పరిశీలించినవి సూర్యుడి అంచున నిలబడ్డ ఎర్రటి వాయు స్తంభాలు. అవి పట్టు తప్పి ఎగిరిపోయినప్పుడు వచ్చేదే ఇందాక చెప్పుకున్న మేఘాల్లో ఒక రకం.

విశాఖకు సూర్యుడు చేసే అసలు పని

క్యుబెక్‌లో 1989 మార్చి 13న అయస్కాంత తుపానుకు కరెంటు వ్యవస్థ నిమిషంన్నరలో కుప్పకూలి, 60 లక్షల మంది తొమ్మిది గంటలపాటు చీకట్లో ఉండిపోయారు. మన దగ్గర కరెంటు పోవడానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ ఇది వాటిలో లేదు. ధ్రువకాంతులు మెరిసే చోట ఆకాశంలో పారే విద్యుత్ ప్రవాహాల వల్ల జరిగేది అది, మనం అక్కడికి చాలా దూరం. గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించిన 1500 కోట్ల డాలర్ల ఏఐ హబ్‌తో పాటు విశాఖకు సముద్రగర్భ కేబుళ్లు కూడా వస్తాయంటున్నారు. వాటి లోపల పోయే కాంతికి సౌర తుపానుతో పేచీ లేదు. మధ్యమధ్య సంకేతాన్ని పెంచే రిపీటర్లకు కరెంటు మోసే తీగకు కొంత ఉంటుంది, అదీ ఉత్తరాది కేబుళ్లకే ఎక్కువ.

మనకు నిజంగా సంబంధించింది అయనోస్ఫియర్. భూమి మీద 60, 70 కిలోమీటర్ల నుంచి వెయ్యి కిలోమీటర్ల దాకా సూర్యుడి అతినీలలోహిత కాంతి గాలిని విద్యుదావేశం చేసిన పొర ఇది. జీపీఎస్ సంకేతం దీంట్లోంచే రావాలి, వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం పదుల మీటర్ల తప్పుగా తేలుతుంది. అయస్కాంత భూమధ్యరేఖ తిరునెల్వేలి దగ్గర పోతుంది. పగలు అక్కడ పైకి లేచిన ప్లాస్మా అటూ ఇటూ జారి, ఉత్తరాన భోపాల్, అహ్మదాబాద్ అక్షాంశాల దగ్గర శిఖరంలా పోగవుతుంది. విశాఖ ఆ వాలు మీద ఉంది. అందుకే ఇక్కడి ఆకాశం ఈ పరిశోధనకు మంచి చోటు. ఆంధ్రా యూనివర్సిటీలో ఆచార్య బి. రామచంద్రరావు వేసిన పునాది మీద వాల్తేరు పేరు అయనోస్ఫియర్ పత్రికల్లో దశాబ్దాలుగా కనిపిస్తూనే ఉంది. ఆచార్య పి.వి.ఎస్. రామారావు బృందం దేశవ్యాప్తంగా పెట్టిన జీపీఎస్ రిసీవర్ల లెక్కలతో చేసిన పని విమానాల కోసం పెట్టిన, జీపీఎస్ తప్పును ఉపగ్రహం ద్వారా సరిదిద్దే గగన్ వ్యవస్థకు పనికొచ్చింది.

అసలు తలనొప్పి పొద్దుగూకాక మొదలవుతుంది. సూర్యుడు దిగిపోగానే అడుగు పొర త్వరగా పలచబడుతుంది, పైది బరువుగా మిగిలిపోతుంది. కిందినుంచి పలచటి ప్లాస్మా బుడగల్లా పైకి తన్నుకొస్తుంది. ఏడు నుంచి అర్ధరాత్రి దాకా ఆ బుడగల గుండా వచ్చే ఉపగ్రహ సంకేతం మిణుకు మిణుకుమంటుంది, ఒక్కోసారి రిసీవర్ దాన్ని వదిలేస్తుంది. ఉగాది చుట్టూ, దసరా చుట్టూ ఇది ఎక్కువ. సూర్యుడి మచ్చలు పెరిగి తగ్గే పదకొండేళ్ల సూర్యచక్రం గరిష్ఠంలో ఉన్న ఏళ్లలో మరీ ఎక్కువ. ఇందుకు సౌర తుపాను రానవసరం లేదు, మామూలు రోజునే జరుగుతుంది. నా ఉద్దేశంలో విశాఖకు సంబంధించినంతవరకు ఎర్రటి ఆకాశం ఫోటోల కన్నా ఈ బుడగలే పెద్ద వార్త, ఎవరూ రాయకపోయినా. కారులో మ్యాప్ చూసుకునేవాడికి తేడా తెలియదు. నడి సముద్రంలో వల వేసే బోటుకు ముప్పై మీటర్ల తప్పు లెక్కలోది కాదు. రన్‌వే వెతుక్కుంటూ దిగే విమానానికి మాత్రం ముప్పై మీటర్లు ఒప్పుకోరు.

విమానాలంటే గుర్తొచ్చింది. 2025 నవంబరు చివర్లో ఎయిర్‌బస్ ఏ320 కుటుంబపు విమానాలు ఆరువేల దాకా సాఫ్ట్‌వేర్ మార్చుకోవాల్సి వచ్చింది. విశాఖలో దిగేవాటిలో చాలా భాగం ఈ కుటుంబానివే. అక్టోబరు 30న అమెరికాలో జెట్‌బ్లూ విమానం ఒకటి గాల్లో ఉన్నట్టుండి ముక్కు కిందికి వంచింది. తీవ్ర సౌర వికిరణం వల్ల నియంత్రణ కంప్యూటర్లో డేటా చెడిపోవచ్చని ఎయిర్‌బస్ చెప్పింది. చిప్‌లోని ఒక్క సున్నాను కణం ఒకటి తాకి ఒకటిగా మార్చడం లాంటిది. ఆ రోజు సూర్యుడి మీద చెప్పుకోదగ్గ అలజడి లేదని, సుదూర నక్షత్రాల నుంచి వచ్చిన కాస్మిక్ కిరణం కావచ్చని కొందరు నిపుణులు అన్నారు. ఏదైనా, ఇక్కడ హెచ్చరిక పనికిరాదు. ఒక్క కణానికి ముందుగా కబురు రాదు. తప్పును పట్టుకుని సరిదిద్దుకునే సాఫ్ట్‌వేరే దారి.

రెండు అనుమానాలు

జ్వాలలకూ భూకంపాలకూ సంబంధం ఉందా? ప్రపంచంలో 5 తీవ్రత దాటిన భూకంపాలు సగటున రోజుకు నాలుగు వస్తాయి. సూర్యచక్రం ఉధృతంగా ఉన్న ఏళ్లలో చిన్నదో పెద్దదో జ్వాల లేని రోజే ఉండదు. ఏ జ్వాల తీసుకున్నా దాని మర్నాడు ఎక్కడో ఒకచోట భూకంపం దొరుకుతుంది. పంచాంగంలో ఏ తిథి తీసుకున్నా దొరుకుతుంది. జెఫ్రీ లవ్, జెరెమీ థామస్ 2013లో పాత రికార్డులన్నీ సూర్యమచ్చలతో, సౌరగాలితో, అయస్కాంత తుపాన్లతో పోల్చి చూసి, లెక్కకు నిలిచే సంబంధం లేదని తేల్చారు. 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పుడు తెలుగు గ్రూపుల్లో సూర్యుడి మీద చాలా నిందలు పడి ఉండవచ్చు. గోదావరి లోయలోని పాత పగుళ్లకు సూర్యుడి అనుమతి అక్కర్లేదు.

సౌర తుపాను వస్తే ఎండ ముదురుతుందా? పదకొండేళ్ల చక్రంలో గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య సూర్యుడి నుంచి వచ్చే మొత్తం శక్తిలో తేడా 0.1 శాతం. భూమి కక్ష్య పూర్తి వృత్తం కాకపోవడం వల్ల జనవరిలో సూర్యుడికి దగ్గరగా, జులైలో దూరంగా ఉంటాం. ఆ తేడా దాదాపు ఏడు శాతం. అంటే సంక్రాంతి నాడు, చలి కాచుకునేటప్పుడు, భూమికి చేరే సూర్యశక్తి ఎక్కువ. రోహిణి కార్తె ఎండకు కారణం కిరణాలు పడే కోణం, పగటి నిడివి, పొడిగాలి.

నిజంగా కలిసే చోటు

సూర్యుడికీ నేలమీది ఉపద్రవానికీ ఒకే ఒక్క చోట గట్టి సంబంధం ఉంది, అది కారణంలో కాదు, కబురులో. 2017 సెప్టెంబరు 6న కరీబియన్ దీవులను ఇర్మా హరికేన్ చితకబాదుతుండగా సూర్యుడు ఎక్స్9.3 జ్వాల విసిరాడు. అప్పుడు అక్కడ పగలు. టవర్లు పోయిన ఆ దీవుల్లో సహాయ బృందాలు నమ్ముకున్న షార్ట్‌వేవ్ రేడియో గంటకు పైగా మూగబోయింది. హరికేన్‌ను సూర్యుడు పుట్టించలేదు, సాయం అడిగే గొంతును మాత్రం నొక్కేశాడు. పోర్టులో పదకొండో నంబరు ఎగరేసే పరిస్థితి అన్నమాట.

ఇది మనకు దూరం కాదు. 2004 సునామీ రోజున హైదరాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ బృందం హామ్ రేడియో కార్యక్రమం మీద పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. ఫోన్లు పోయాక అండమాన్ నుంచి మెయిన్‌ల్యాండ్‌కు కబుర్లు వెళ్లింది వాళ్ల షార్ట్‌వేవ్ సెట్ల మీదే. ఆ తరంగాలు అయనోస్ఫియర్‌కు తగిలి వంగి కిందికి వస్తాయి కాబట్టే అంత దూరం పోగలిగాయి. అదే సమయంలో ఎక్స్ జ్వాల ఒకటి పడి ఉంటే దారి మూసుకుపోయేది.

మన బోట్ల సంగతీ ఇంతే. పది, పన్నెండు కిలోమీటర్లు దాటితే సెల్ సిగ్నల్ ఉండదు. అందుకే 2019లో ఇన్‌కాయిస్ వాళ్లు జెమినీ అనే పరికరం తెచ్చారు. చేపలు దొరికే చోట్లు, తుపాను, సునామీ హెచ్చరికలు గగన్ ఉపగ్రహం ద్వారా దానికి వస్తాయి, బ్లూటూత్ మీద ఫోన్‌లో కనిపిస్తాయి. చేపలవేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా కాబట్టి ఉగాది తర్వాతి బుడగల సీజన్‌లో కొంత భాగం బోట్లు రేవులోనే గడుపుతాయి. సెప్టెంబరు, అక్టోబరులో అలా కాదు. వేట జోరుగా ఉంటుంది, సాయంత్రాలు ఉపగ్రహ సంకేతం మిణుకుమనే రోజులు అవే, బంగాళాఖాతంలో పెద్ద తుపాన్ల కాలం మొదలయ్యేదీ అప్పుడే. సందేశం ఒకసారి పంపి ఊరుకోకుండా పదేపదే పంపడం, దగ్గరి దూరాలకు పనికొచ్చే వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్ మీద బోటు నుంచి బోటుకు చెప్పించడం అందుకే అవసరం. వీహెచ్‌ఎఫ్ అయనోస్ఫియర్ మీద ఆధారపడకుండా తిన్నగా పోతుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు.

25వ సూర్యచక్రం 2019 డిసెంబరులో మొదలైంది, గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో ప్రకటించారు. ఇక దిగుడే కదా అని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. 2003 అక్టోబరు నాటి పెద్ద తుపాన్లు గరిష్ఠం దాటిన రెండేళ్ల తర్వాత వచ్చినవే. వచ్చే రెండు మూడేళ్లు దసరా, దీపావళి రోజుల్లో తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్‌తో పాటు జీ4, జీ5 కబుర్లు కూడా ఫోన్‌కు వస్తే ఆశ్చర్యం లేదు. బోటు తిప్పాలా వద్దా అన్నది మొదటిదాన్ని చూసి తేల్చుకోవాలి. రెండోది, ఆ రాత్రి జీపీఎస్‌ను ఎంతవరకు నమ్మాలో చెబుతుంది.